సెలవు మీదున్న పైలట్

హోటల్ బాత్రూం అద్దం ముందు నిలబడి సాయిప్రసన్న భుజాలకి నల్ల పట్టీలు తొడుక్కుంటోంది. ఒక్కో పట్టీ మీద మూడేసి బంగారు చారలు. అవి ఏ విమానాల కంపెనీ ఇచ్చినవీ కావు. పిల్లల్ని పైలట్ శిక్షణకి పంపే శరత్‌చంద్ర గారు హైదరాబాదులో యూనిఫాంలు కుట్టేవాడి దగ్గర కొనుక్కొచ్చారు. కుడిపక్క బొత్తం పట్టదు. ప్రతి ఆదివారం లోపలినుంచి పిన్నీసు పెట్టాలి.

బయట హాల్లో ఎవరో మైకు తట్టి చూస్తున్నారు. తలుపు మీద శరత్‌చంద్ర గారి వేళ్ళ చప్పుడైంది.

"ఏమ్మా, అయిందా? ఇవాళ కుర్చీలు చాల్లేదు. అమలాపురం వైపునుంచి కూడా వచ్చారు."

"వస్తున్నానండి."

"విమానం నడిపిన గంటల సంగతి ఎత్తకు. ఎవరైనా అడిగితే ప్రాసెస్‌లో ఉందను. ప్రాసెస్ అన్నాక మళ్ళీ అడగరు."

స్టేజీ వెనక కట్టిన బేనర్లో ఆమె ఫొటో ఉంది. ఫిలిప్పీన్స్‌లో శిక్షణ విమానం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో. శిక్షణ విమానాన్ని చెరిపేసి, ఆ చోట పెద్ద జెట్ విమానాన్నీ, దాని వెనక అమెరికా జెండానీ అతికించారు. ఆమె నవ్వు మాత్రం ఉంచారు. పైన 'మేఘవాహన ఏవియేషన్' అని, కింద 'రాజమహేంద్రవరం నుంచి అమెరికా ఆకాశానికి' అని రాసుంది.

ప్రసన్న మైకు అందుకుంది. అమెరికాలో పెద్ద వయసు పైలట్లు రిటైరవుతున్నారని చెప్పింది. అక్కడ ఊరికో విమానాశ్రయం ఉంటుందని చెప్పింది. ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీషులోనే నేర్పుతారని, తను అక్కడే నేర్చుకున్నానని చెప్పింది. ఏ వాక్యానికావాక్యం నిజమే. అన్నీ కలిపి వింటే అబద్ధం. ఆ కలపడం తను చెయ్యనక్కర్లేదు. వినేవాళ్ళే కలుపుకుంటారు. శరత్‌చంద్ర గారు ఈ పని నేర్పింది అలాగే.

చెప్పనివి కొన్నున్నాయి. అక్కడ ప్రయాణికుల విమానం నడపాలంటే పదిహేను వందల గంటలు నడిపిన అనుభవం ఉండాలి. శిక్షణ అయ్యేసరికి చేతికొచ్చేది రెండొందలు. అదీగాక అక్కడి లైసెన్సు ఉండాలి. అన్నిటికన్నా ముందు అక్కడ పనిచేసే హక్కు ఉండాలి. ఉద్యోగానికి అప్లికేషన్ తెరిస్తే మొదటి ప్రశ్న అదే. 'లేదు' అని నొక్కితే, మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని పేజీ మూసుకుపోతుంది. ఎన్ని కంపెనీలకో నొక్కింది. ఇక్కడి కంపెనీలు సంగతే తేల్చవు. పిలిచినప్పుడు చూద్దాం అంటాయి.

"ఎవరికైనా డౌట్లుంటే అడగండి," అన్నారు శరత్‌చంద్ర గారు.

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని ఇంజనాయిలు. పక్కన కూచున్నది కూతురు. జడ గట్టిగా వేసుకుని, ఒళ్ళో మార్కుల లిస్టు పెట్టుకుంది.

"నమస్కారమండి. నా పేరు విజయ్ పాల్. ఎదుర్లంకలో పడవ ఇంజన్లు బాగుచేస్తానండి. మేడం గారు అక్కడ ఏ ఊరినుంచి ఏ ఊరికి తోలతారండి?"

"తోలడానికి అదేమన్నా ఎడ్లబండా?" అన్నాడు ముందు వరసలో ఒకతను. హాలంతా నవ్వింది.

ప్రసన్న నోరు తెరిచింది. శరత్‌చంద్ర గారు నవ్వుతూ మైకు తీసుకున్నారు.

"రూట్లు బయటికి చెప్పకూడదండి. సెక్యూరిటీ ఉంటుంది కదా. మంచి ప్రశ్నే అడిగారు, కూచోండి."

జనం మళ్ళీ నవ్వారు. విజయ్ పాల్ కూడా నవ్వబోయి, కూచుని, చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. కూతురు నవ్వలేదు. ప్రసన్న కేసే చూస్తోంది.

"బుధవారం దశమి," అన్నారు శరత్‌చంద్ర గారు. "పదిన్నరకి పంతులుగారు ముహూర్తం పెట్టారు. పిల్లల్ని సముద్రాలు దాటిస్తున్నాం, మంచిఘడియ చూసుకోవద్దూ? మన ఆఫీసులో చిన్న పూజ ఉంటుంది. అడ్వాన్సులు కట్టేవాళ్ళు అప్పుడే కట్టండి."

ఆ ముహూర్తం సంగతి ప్రసన్నకి తెలుసు. కట్టేవాళ్ళు ఒక్కొక్కళ్ళే వస్తే కూచుంటారు, ఆలోచిస్తారు, అడుగుతారు. అందరూ ఒకే ఘడియలో వస్తే ఎవరి కళ్ళూ గడియారం మీంచి కదలవు. ముహూర్తం దాటిపోతుందేమోనన్న కంగారులో సంతకం ఎక్కడ పెడుతున్నారో కూడా చూడరు. ఆమె కోసం వాళ్ళ నాన్న కూడా అలాగే ఒక ముహూర్తానికి కట్టాడు.

*

మెట్ల దగ్గర ఆ తండ్రీకూతుళ్ళని అందుకుంది. ఎవరూ వెనక రావడం లేదని చూసుకుంది.

"ఒక్కమాటండి. కట్టకండి."

విజయ్ పాల్ ఆగాడు. "ఏంటమ్మా?"

"బుధవారం కట్టకండి. అక్కడ ఉద్యోగం రాదండి. అంత తేలిక కాదు."

"మా పిల్లకి రాదా?"

"అలా కాదండి. ఎవరికీ..."

"మీకొచ్చింది కదమ్మా."

ఆమె భుజాల మీద మూడేసి చారలున్నాయి. ఆయన వాటికేసి చూశాడు.

"మా క్రిస్టినాకి లెక్కల్లో ఎన్నొచ్చాయో చూడండి," అని కూతురు చేతిలో కాయితం తీసి చూపించబోయి, మానేసి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చేశాడు. "మీకు చూపించడం దేనికిలెండి. ఇంటర్లో లెక్కలు తీసుకుంటానంటే వాళ్ళ మేష్టారు వద్దన్నాడు. మీవాళ్ళు తట్టుకోలేరు, ఏదన్నా చిన్న కోర్సు చెయ్యమన్నాడు. ఎంత మెల్లగా, ఎంత ప్రేమగా చెప్పాడనుకున్నారు. అచ్చం మీలాగే. మా మంచి కోసమే వద్దంటారు, ఎప్పుడూ."

"నేనందుకు అనలేదండి."

"ఎందుకన్నా ఒకటేనమ్మా. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని నేను కొత్తగా చూట్టం లేదు. పదమ్మా క్రిస్టినా."

క్రిస్టినా రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. ఏదో అడగబోయింది. తండ్రి అప్పటికే కింద బండి తీస్తున్నాడు.

హాల్లో బేనరు విప్పుతున్నారు. శరత్‌చంద్ర గారు కాఫీ కప్పు పట్టుకుని ఆమెని కిటికీ దగ్గరికి పిలిచారు.

"ఆ పడవల ఆయన కిందనుంచి ఫోన్ చేశాడమ్మా. మీ అమ్మాయి మమ్మల్ని కట్టద్దంటోందని."

ప్రసన్న కిటికీ ఊచ పట్టుకుంది. ఈ పని కూడా పోతే ఇంట్లో కూచోవాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"కంగారు పడకు. కోపం లేదు," అని ఆయన కాఫీ తాగారు. "మేలే చేశావు. అనుమానంగా ఉన్నాడు, జారిపోతాడనుకున్నాను. ఇప్పుడు తన ఇంజన్ల షెడ్డు అమ్మయినా కడతాడు. వాళ్ళని వద్దంటే చాలు, పంతానికి కడతారు. వచ్చే సదస్సులో ఇంకో ఇద్దరితో అలాగే అను."

కప్పు కిటికీలో పెట్టి, ఆమె భుజం మీద పట్టీ వంకరగా ఉంటే సరిచేసి వెళ్ళిపోయారు. ఆ చెయ్యి తగిలిన చోట ఒళ్ళు మండింది. బాత్రూంలోకి పోయి చొక్కా విప్పేదాకా ఆ మంట తగ్గలేదు.

*

కొవ్వూరు మెయిన్ బజార్లో ప్రసన్న నాన్న శివరామకృష్ణకి తాళ్ళ కొట్టుంది. కొబ్బరితాళ్ళు, నైలాన్ తాళ్ళు, పురికొస, నవారు, టార్పాలిన్లు. ఆయన గల్లా దగ్గర కూచుంటాడు. కూతురు పగటిపూట కొట్లోకి రావడం ఆయనకిష్టం లేదు. వస్తే జనం అడుగుతారు.

సోమవారం పనివాడు రాలేదు. ప్రసన్నే తాళ్ళు కొలిచి కోస్తోంది. రెండు చేతులూ బారజాపి, తాడు లాగి, మళ్ళీ జాపి. ఎదుటి గాజుల కొట్టు పెద్దిరాజు మెట్టెక్కి వచ్చాడు.

"ఏవండీ శివరామకృష్ణ గారూ, అమ్మాయికింకా సెలవేనా?"

"సెలవేనండి. ఆ దేశంలో సెలవులెక్కువ."

"ఆ మాట నిజమే. మా బావమరిది కొడుకు కూడా అక్కడే. వాడికి మాత్రం తుమ్మడానికి టైముండదుట."

"కంపెనీని బట్టి ఉంటుందండి."

పెద్దిరాజు ఆమె చేతిలో తాడుకేసి ఓసారి, మొహంకేసి ఓసారి చూసి, తమలపాకు నములుకుంటూ దిగిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "రెక్కలు బాగానే జాపుతోంది," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రసన్న, "ఇక ఆ సదస్సులకి వెళ్ళను నాన్నగారూ," అంది.

"మానెయ్. వెళ్ళమని నేనెప్పుడన్నాను?"

"ఇదీ మానేద్దాం. ఈ సెలవు సంగతి."

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. వాళ్ళమ్మ సత్యలక్ష్మి మజ్జిగ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మానేసి ఏం చెబుదాం?"

"ఉన్నదే చెబుదాం."

"ఉన్నది." ఆయన విస్తట్లోకి చూస్తూ అన్నాడు. "నాకు ఏలూరు నుంచి సరుకు దేని మీద వస్తోందనుకున్నావు? మాట మీద. శివరామకృష్ణ ఒక మాటంటే మళ్ళీ అడగక్కర్లేదంటారు. నీ సంగతి అబద్ధమని తెలిసిందనుకో, నేనిన్నాళ్ళూ అన్న మాటలన్నీ తీసి మళ్ళీ తూకం వేస్తారు. రెండేళ్ళు కాదు, ఇరవయ్యేళ్ళ మాటలు."

"ఆ డబ్బు కట్టడానికి ఎదుర్లంకాయన షెడ్డు అమ్ముకుంటాడు నాన్నగారూ."

"ఎవరాయన?"

చెప్పింది. ఆయన విన్నాడు. చెయ్యి కడుక్కుని, "మనమేమన్నా అమ్మమన్నామా," అని కొట్లోకి వెళ్ళిపోయాడు.

*

బుధవారం పొద్దున్నే విజయ్ పాల్ వచ్చాడు. మెట్ల కింద బండి ఆపి, కూతుర్ని దింపి, పైకొచ్చాడు. చొక్కా జేబులో మడిచిన బ్యాంకు చెక్కు కనిపిస్తోంది. ప్రసన్న లారీ డ్రైవరు కోసం నైలాన్ తాడు కొలుస్తోంది. ఆయన ఆమెకేసి చూడలేదు. గల్లా దగ్గరికే పోయాడు.

"శివరామకృష్ణ గారంటే మీరేనాండి?"

"నేనేనండి. ఏం కావాలి?"

"సరుక్కి రాలేదండి. ఆఫీసులో మీ కొట్టు గుర్తు చెప్పారు. ఆడపిల్లతో నేను మాటా మాటా అనుకోకూడదు, తండ్రితో చెప్పడం మర్యాదని వచ్చాను. మీ అమ్మాయిగారు మా పిల్లని చిన్నబుచ్చారండి. నీకు రాదు, కట్టద్దు అన్నారు. రెండ్రోజుల్నించీ మా పిల్ల అన్నం సరిగ్గా తినట్లేదు."

లారీ డ్రైవరు తాడు సంగతి మర్చిపోయి వింటున్నాడు. పెద్దిరాజు తన కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్క కొట్లోంచి ఇద్దరు తొంగిచూశారు.

శివరామకృష్ణ గల్లా దగ్గర్నించి లేచాడు. బజారంతా ఒకసారి చూశాడు.

"అయ్యో, దాని ఉద్దేశం అది కాదండి. సెలవు మీద వచ్చింది కదా, అలిసిపోయి ఏదో అనుంటుంది. మీ అమ్మాయి శుభ్రంగా వెళ్తుంది. ఏం ఆలోచించకండి, కట్టండి."

ప్రసన్న చేతుల్లోంచి తాడు జారి కింద చుట్టలు చుట్టలుగా పడింది.

"అలా అనకండి నాన్నగారూ."

"నువ్వు లోపలికెళ్ళు."

"నేను సెలవు మీద రాలేదండి," అంది విజయ్ పాల్ వైపు తిరిగి. గొంతు ఆమె అనుకున్నదానికన్నా పైకి వచ్చింది. "నాకక్కడ ఉద్యోగం లేదు. ఎప్పుడూ లేదు. ఆ చారలు కొనుక్కొచ్చినవి. అమెరికా నేనింతవరకూ చూళ్ళేదు. ఏ ఊరినుంచి ఏ ఊరికని మీరడిగారు కదా, ఏ ఊరూ లేదండి."

బజార్లో ఎవరో చిన్నగా దగ్గారు. శివరామకృష్ణ మెల్లగా మళ్ళీ గల్లా దగ్గర కూచున్నాడు. ఒక పురికొస ఉండ తీసి, విప్పి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

విజయ్ పాల్ జేబులో చెక్కు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయన దండం పెడతాడనో, కనీసం మెత్తబడతాడనో ప్రసన్న అనుకుంది. ఆయన మొహం ఇంకా బిగుసుకుంది.

"ఆదివారం ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను కదండీ, మెట్ల దగ్గర..."

"అదే అడుగుతున్నానమ్మా. అబద్ధం మైకులో చెప్పావు. నిజం మెట్ల మీద, ఎవరూ లేకుండా చూసుకుని, చెవిలో చెప్పావు. దేన్ని నమ్మమంటావు నన్ను? హాలు నిండా జనం నన్ను చూసి నవ్వారు. నువ్వు ఆపలేదు. నీ ఉద్యోగం పోకూడదు, నీ పాపం పోవాలి. రెండూ కావాలి నీకు."

ఆదివారం నుంచీ ప్రసన్న లోపల ఉడుకుతున్న కోపం ఎవరి మీదో తెలిసినట్టే ఉండి తెలియకుండా ఉంది. ఇప్పుడు తెలిసింది. శరత్‌చంద్ర గారి మీద సగమే, మిగతాది తన మీదే.

"మిగతావాళ్ళంతా ఈపాటికి పూజకి బయల్దేరుంటారు నాన్నా," అంది క్రిస్టినా. అప్పటిదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు.

ప్రసన్న గోడకున్న స్కూటీ తాళం తీసుకుంది.

"ప్రసన్నా," అన్నాడు తండ్రి, తల ఎత్తకుండా.

ఆమె మెట్లు దిగింది.

*

ఆఫీసు రాజమహేంద్రవరంలో ఒక మేడ మీద ఉంది. గుమ్మానికి మామిడాకులు, లోపల గణపతి పటం, కొబ్బరికాయలు, పసుపు గిన్నె. పంతులుగారు తొందర తొందరగా మంత్రం చదువుతున్నారు. తల్లులు పట్టుచీరల్లో ఉన్నారు. తండ్రులు సంచులు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం చూస్తున్నారు.

ప్రసన్న నలిగిన చుడీదార్‌తో, తలనిండా కొబ్బరిపీచు నుసితో వచ్చి బల్ల పక్కన నిలబడింది. వాళ్ళలో చాలామంది ఆదివారం ఆమెతో ఫొటోలు దిగినవాళ్ళే. ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకావిడ, "వరసలో రామ్మా," అంది.

"కట్టకండి," అంది ప్రసన్న. "నాకు అమెరికాలో ఉద్యోగం లేదు. మీ పిల్లలకీ రాదు. ఆదివారం నేను మీతో చెప్పింది అబద్ధం."

మంత్రం ఆగింది. శరత్‌చంద్ర గారు ఆమె బట్టలు చూశారు, మొహం చూశారు. ఆయన గొంతులో కాస్త కూడా వణుకు లేదు.

"క్షమించాలండీ. ఈ అమ్మాయి మా దగ్గర పనిచేసేది. క్రమశిక్షణ లేక తీసేశాం. అక్కసుతో వచ్చింది. పంతులుగారూ, మీరు కానివ్వండి."

"ఈ మాట వాళ్ళ నాన్న ముందే చెప్పింది, నేను కూడా విన్నానండి," అని, కూతురితో ఆమె వెనకే వచ్చిన విజయ్ పాల్ ముందుకొచ్చాడు.

"ఎడ్లబండి ఆయన," అని ఎవరో అన్నారు. ఈసారి నవ్వు పెద్దగా రాలేదు. కానీ తలలు గడియారం వైపే తిరిగాయి. ఒకాయన లేచి సంచి జిప్పు తీశాడు. ప్రసన్నకి ఆ మనిషి చెయ్యి పట్టుకుని లాగాలనిపించింది. ఇంకేం చెబితే నమ్ముతారో తెలియలేదు. అబద్ధాన్ని నమ్మించడానికి ఆమెకి యూనిఫాం ఇచ్చారు. నిజానికేమీ లేదు.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. శివరామకృష్ణ లోపలికొచ్చాడు. బేరాల వేళ కొట్టు మూసి వచ్చాడు. ఆటోలో వచ్చినా మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. చొక్కా మీద పురికొస పోగులున్నాయి.

సంచి జిప్పు తీసిన ఆయన ఆగి చూశాడు. "శివరామకృష్ణ గారూ, మీరేంటండి ఇక్కడ?"

కొవ్వూరు ఆయనే. ఎరువుల కొట్టాయన.

"మా అమ్మాయండి," అన్నాడు శివరామకృష్ణ.

"ఈవిడా? మరి అమెరికాలో..."

"లేదండి. ఉద్యోగం లేదు. రెండేళ్ళబట్టి ఇంట్లోనే ఉంది. మీతో కూడా నేనే చెప్పాను, పోయిన దసరాకి, సెలవు మీద వచ్చిందని. అది నేనాడిన అబద్ధం. పిల్లది ఎప్పుడూ చెప్పమనలేదు."

ఎరువుల కొట్టాయన కాసేపు ఆయన్నే చూశాడు. ఆ చూపులో జాలి లేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషి చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్న చూపు అది. శివరామకృష్ణ ఆ చూపు కింద కదలకుండా నిలబడ్డాడు.

జిప్పు మూసుకుంది.

"మనం తర్వాత మాట్లాడుకుందాం," అన్నారు శరత్‌చంద్ర గారు, ఇప్పుడు కాస్త గట్టిగా. "ముహూర్తం దాటిపోతోంది. ఇష్టం లేనివాళ్ళని బలవంతం చెయ్యం. కట్టేవాళ్ళు రండి."

పట్టుచీర కట్టుకున్న ఒకావిడ లేచి వెళ్ళి డబ్బు కట్టింది. "మావాడి జాతకంలో విదేశీయోగం ఉందండి," అంది ఎవరూ అడక్కుండానే. రసీదు తీసుకుని పసుపు రాయించుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకొకాయన వెళ్ళాడు. మిగతావాళ్ళు లేవలేదు. అలాగని బయటికీ పోలేదు. ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

క్రిస్టినా జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, ప్రసన్నకి ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు రాదన్నారు. ఎందుకు రాదో చెప్పలేదు. అక్కడ పైలట్ కావాలంటే ఏమేం కావాలి? ఇప్పుడు చెప్పండి. చెవిలో కాదు."

శరత్‌చంద్ర గారు ఫాను రెగ్యులేటర్ దగ్గరికి పోయి చివరిదాకా తిప్పారు. కాయితాలు ఎగిరాయి. ఫాను చప్పుడులో మాట వినబడడం కష్టమైంది. విజయ్ పాల్ కూతురి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం పోలేదు.

ప్రసన్న గొంతు పెంచింది. అప్లికేషన్లో మొదటి ప్రశ్న, అక్కడ పనిచేసే హక్కు ఉందా అన్నది, అక్కణ్ణించి మొదలుపెట్టింది.

వెనకాల ఎవరో కుర్చీ ముందుకి లాక్కున్నారు.